బెంగళూరు నుంచి నెల్లూరు వైపు సంసారం మార్చాలి, ఉద్యోగం మధ్యలో ఖాళీ: ఏది ముందు, ఏది వెనక?

కావలి కోడలు:

అందరికీ నమస్కారం. మా ఆయనకి కంపెనీలో ఈ సెప్టెంబరు 30 ఆఖరి రోజని చెప్పేశారు. అక్కడ సర్వీసు 7 ఏళ్ల 8 నెలలు. కొత్తది మూడు నెలల్లో దొరకొచ్చు, ఆరు నెలలు పట్టొచ్చు. మారతహళ్ళిలో రెండు బెడ్‌రూముల అద్దె ఇంట్లో ఉన్నాం. నెలకి 34 వేలు అద్దె, 1,70,000 అడ్వాన్సు ఓనరు దగ్గరుంది, ఖాళీ చేయాలంటే రెండు నెలల ముందు చెప్పాలి. ఇంత అద్దె కడతా జీతం లేకుండా కూర్చోవడం కంటే మన వైపు వచ్చేస్తే మేలని అనుకుంటున్నాం.

అత్తమ్మకి 71. షుగరు, బీపీ ఉన్నాయి. కుడి కంటికి శుక్లం, ఆపరేషన్ దసరా అయ్యాక చేయిద్దామనుకున్నాం. ఆమె పేరు కూడా కంపెనీ ఇన్సూరెన్సులోనే ఉంది. పాప తొమ్మిదో తరగతి సీబీఎస్‌ఈ, బాబు మూడో తరగతి. కావలి దగ్గర పల్లెలో అత్తమ్మకి సొంత ఇల్లుంది. కాకపోతే అక్కడ ఇంటర్నెట్ అంతంతమాత్రం, ఈయన ఇంటర్వ్యూలన్నీ వీడియోలోనే.

అడగాల్సినవి: పల్లెలో ఉండాలా, నెల్లూరులోనో ఒంగోలులోనో ఇల్లు తీసుకోవాలా? పిల్లల్ని మధ్యలో బడి మార్చొచ్చా? పీఎఫ్ ఇప్పుడే తీసేయాలా? సామాను, కేఏ నంబరు కారు, స్కూటీ ఎట్టా తేవాలి? దసరా సెలవులకి అయిదుగురికి కాశీ టికెట్లు కూడా కొనేసి ఉన్నాం, అవి రద్దు చేయాలా?

పెన్నా గట్టు:

అమ్మా, అన్నిటికంటే ముందు మీ అత్తగారి కన్ను. ఇల్లు, లారీ, కాశీ తర్వాత చూసుకోవచ్చు. ఆపరేషన్ దసరా దాకా పెట్టుకోకండి, 30వ తేదీ లోపలే అయిపోవాలి.

ఎందుకంటే గ్రూపు పాలసీ మామూలుగా ఉద్యోగం ఆఖరి రోజుతోనే ఆగిపోతుంది. ఆ తర్వాత మీరు సొంతంగా పాలసీ కొంటే మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ డబ్బు రాదు. శుక్లం, హెర్నియా, మోకాలి మార్పిడి లాంటి వాటికి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. షుగరు, బీపీ లాంటి పాత జబ్బులకు వెయిటింగు మూడేళ్ల దాకా పెట్టొచ్చు. 2024 నుంచి బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ అంతకు మించి పెట్టనివ్వడం లేదు. అంటే ఈ నెల్లో పాలసీ మీద జరిగిపోయే పనికి వచ్చే నెల్లో మొత్తం చేతి డబ్బు పెట్టుకోవాలి.

శుక్లం ఆపరేషన్ డే కేర్ కింద వస్తుంది కాబట్టి రాత్రి ఆస్పత్రిలో ఉండకపోయినా క్లెయిం వస్తుంది. అయితే చాలా పాలసీల్లో కంటికి ఇంతే అని పరిమితి ఉంటుంది. ఖరీదైన లెన్సు పెట్టించుకుంటే తేడా మీరే కట్టాలి, అది ముందే అడగండి. షుగరు అదుపులో లేకపోతే డాక్టరు తేదీ వెనక్కి నెడతారు. అందుకని ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించి, క్యాష్‌లెస్ అనుమతికి కాగితాలు పంపించేయండి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చుక్కల మందు వేయాలి, కంట్లో దుమ్మూ నీళ్లూ పడకూడదు. సామాను సర్దే ఇంట్లో దుమ్ము ఎంతుంటుందో మీకు తెలుసు. ఆ రోజులకి ఆమెను చుట్టాలింట్లో ఉంచండి.

రెండోది, హెచ్‌ఆర్‌కి ఈమెయిల్ పెట్టి రెండు సంగతులు రాతపూర్వకంగా తీసుకోండి: పాలసీ ఏ రోజుతో ముగుస్తుంది, ఆ ఇన్సూరెన్సు కంపెనీలోనే సొంత పాలసీకి మారడానికి ఎవరికి దరఖాస్తు పెట్టాలి. దీన్ని మైగ్రేషన్ అంటారు. గ్రూపులో గడిచిన కాలాన్ని కొత్త పాలసీ వెయిటింగులో తగ్గిస్తారు. గడువు ముగిశాక అడిగితే ఆ లాభం పోతుంది. ఆరోగ్య వివరాలు మళ్లీ అడుగుతారు, షుగరు దాచొద్దు. దాచిన జబ్బు క్లెయిం రోజున బయటపడితే పాలసీనే పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు, ఆ మేరకు భారం తగ్గింది.

70 నిండినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా చూసే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. ఆధార్ మీద పుట్టిన తేదీ సరిగా ఉంటే చాలు. అది తీసి పెట్టుకోండి. వెళ్లే ఆస్పత్రి ఆ పథకంలో ఉందో లేదో మాత్రం చేరకముందే కనుక్కోవాలి.

ఇక డబ్బు. ల్యాప్‌టాప్ అప్పగించాక కంపెనీ పోర్టల్లోకి వెళ్లలేరు. ఆరు నెలల పే స్లిప్పులు, ఫారం 16, అపాయింట్‌మెంట్ లెటరు, ఇన్సూరెన్సు కార్డులు, పీఎఫ్ వివరాలు ముందే సొంత మెయిల్‌కి పంపుకోండి. రిలీవింగ్ లెటరు లేకుండా కొత్త కంపెనీ తలుపు తీయదు, దాన్ని వదలకుండా వెంటపడండి.

అయిదేళ్లు దాటాయి కాబట్టి గ్రాట్యుటీ వస్తుంది. ఆఖరి బేసిక్, డీఏ కలిపి దాన్ని 15తో హెచ్చించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. ఆరు నెలలు దాటిన ముక్కని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు, అంటే మీకు 8 ఏళ్లు. బేసిక్ 40,000 అనుకుంటే 1,84,615 రూపాయలు. ఇది 30 రోజుల్లో ఇవ్వాలి. ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితంలో 7 ఏళ్లని రాసుంటే ఒప్పుకోకండి.

పీఎఫ్ ఇప్పుడే తీయొద్దు. ఖాతాలో ఉన్నా వడ్డీ వస్తూనే ఉంటుంది, కొత్త ఉద్యోగం రాగానే బదిలీ చేసుకోవచ్చు. ఒకే యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) మీద బదిలీ అయిన పాత సర్వీసు కూడా కలుస్తుంది. మొత్తం సర్వీసు అయిదేళ్లు దాటితే తీసినదాని మీద పన్ను లేదు. అయిదేళ్లు నిండకుండా 50 వేలు, ఆపైన తీస్తే పాన్ ఉన్నా 10 శాతం టీడీఎస్, అంటే చేతికిచ్చేముందే పట్టుకునే పన్ను, పోతుంది. మీకు ఆ బెడద లేదు, కానీ వేరే వాళ్లు చదువుతారని రాస్తున్నా. ఉద్యోగం పోయాక ఎంత, ఎప్పుడు తీయొచ్చు అనే నిబంధనల్ని మార్చాలని 2025 అక్టోబరులో ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు నిర్ణయించింది: 75 శాతం వెంటనే, మొత్తం కావాలంటే 12 నెలల ఖాళీ తర్వాత. పాత రెండు నెలల లెక్క నమ్ముకుని ఈఎంఐలు ఒప్పుకోకండి, పోర్టల్లో మీకు కనిపించే ఆప్షనే లెక్క. కంపెనీవాళ్లు మానేసిన తేదీ వేయకపోతే ఏ క్లెయిమూ కదలదు. ఆఖరి చందా పడి రెండు నెలలైతే ఆ తేదీని సభ్యుడే పోర్టల్లో వేసుకోవచ్చు. ఆధార్లో పేరు, పీఎఫ్‌లో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే దిద్దించండి, కంపెనీలో ఉండగా ఆ పని సులువు.

జీతం పడటం ఆగిన రెండు మూడు నెలలకి శాలరీ ఖాతా మామూలు ఖాతా అయిపోతుంది. కనీస నిల్వ లేకపోతే కోతలు పడతాయి. ఈఎంఐలు ఆ ఖాతా నుంచే పోతుంటే నిల్వ చూసుకోండి. అత్యవసరానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఓవర్‌డ్రాఫ్టు పెట్టుకోవచ్చు, దానికి పే స్లిప్పు అడగరు.

బడి గంట:

బాబు సంగతి తేలిక. మూడో తరగతికి టీసీ, పెన్ నంబరు, మార్కుల కార్డు చాలు. పెన్ అంటే యూడైస్‌లో, అంటే దేశంలోని బడుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్లో, ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఉండే శాశ్వత నంబరు. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. టీసీ చేతికిచ్చినా పాత బడివాళ్లు యూడైస్ పోర్టల్లో పిల్లాణ్ణి వదలకపోతే కొత్త బడివాళ్లు చేర్చుకోలేరు. ఫీజు బాకీ తీరాక టీసీతోపాటు ‘పోర్టల్లో కూడా డ్రాప్ చేశాం’ అని మెయిల్ రాయించుకోండి. బెంగళూరు నుంచి ఒకసారి వచ్చేశాక దీని కోసం ఫోన్లు చేసి చేసి విసుగొస్తుంది.

బాబుకి తెలుగు రాదని దిగులు పడకండి. కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లాడికి తెలుగు అక్షరాలు దాదాపు అవే, తలకట్టు తీరు మారుతుంది. రోజుకో గుణింతం చొప్పున వారం పది రోజులు రాయిస్తే పేపరు మీద పేర్లు చదవడం మొదలెడతాడు.

పాప విషయంలో మాత్రం తేదీలు చూడాలి. సీబీఎస్‌ఈలో తొమ్మిదో తరగతిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది, సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. పాత బడి ఆమె పేరు పంపేశాక మారితే రెండు బడులూ బోర్డుతో ఉత్తరాలు నడపాలి. పంపకముందే మారితే కొత్త బడి నుంచి నేరుగా నమోదవుతుంది. కాబట్టి రేపే క్లాస్ టీచర్ని అడగండి, పంపారా లేదా అని. జవాబు మీదే మీ లారీ తేదీ ఆధారపడుతుంది.

ఇంకో ప్రశ్న: పాప రెండో భాష ఏంది? తొమ్మిదిలో తీసుకున్న భాషలే పదిలో కూడా ఉండాలి. కన్నడ అయితే నెల్లూరు, ఒంగోలు బడుల్లో టీచరు దొరకడం కష్టం. హిందీ అయితే ఇబ్బంది లేదు. పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీవే, పాఠాల వరస మాత్రం బడిని బట్టి మారుతుంది. అడ్మిషన్‌కి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా జరిగిన పరీక్షల మార్కులు, హాజరు పత్రం తీసుకెళ్లండి. 75 శాతం హాజరు నిబంధనకి, ఇంటర్నల్ మార్కులకి అవి కావాలి.

రిజిస్ట్రేషన్ అయిపోయుంటే మార్చి దాకా అక్కడే కానిచ్చి, పదికి మార్చండి. తల్లిదండ్రుల బదిలీ, కుటుంబం ఊరు మారడం లాంటి కారణాలకి బోర్డు ఒప్పుకుంటుంది, కొత్త బడి ద్వారా దరఖాస్తు పెట్టాలి.

లారీ ఆఫీసు:

రెండు బెడ్‌రూముల ఇల్లంటే 14 అడుగుల ఐచర్ సరిపోతుంది. మూడు మంచాలు, బీరువా, డైనింగ్ టేబులు, స్కూటీ కలిస్తే 17 అడుగులది చూడండి. టాటా ఏస్ రెండు ట్రిప్పులంటే లాభం లేదు, ఇంత దూరానికి అది తగదు. దారి కోలారు, పలమనేరు, చిత్తూరు, తిరుపతి, నాయుడుపేట, నెల్లూరు. నెల్లూరు నుంచి కావలి ఇంకో యాభై కిలోమీటర్ల పైన.

మన వైపు నుంచి నిమ్మకాయలు, బియ్యం వేసుకుని బెంగళూరు వచ్చే లారీలు తిరుగు లోడు కోసం చూస్తుంటాయి. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్ల బండ్లని అడిగితే ప్యాకర్ల రేటు కంటే బాగా తక్కువలో వస్తాయి. కాకపోతే చేపలు, రొయ్యలు మోసిన బండి వద్దు. కడిగినా పరుపులకి, సోఫాకి ఆ వాసన పట్టేస్తుంది. తిరుగు బండిలో ప్యాకింగూ మీదే, హమాలీలూ మీరే మాట్లాడుకోవాలి. ఆ ఖర్చు కలిపి చూడండి.

ప్యాకర్లతో పోతే ఫోన్లో చెప్పిన రేటు నమ్మొద్దు. ఇంటికొచ్చి సామాను చూసి, వస్తువుల పట్టీ రాసి, దాని మీద రేటు వేసి సంతకం పెట్టాలి. టోలు, హమాలీ, మెట్లు ఎక్కించడం, ప్యాకింగ్ అన్నీ ఆ రేటులోనే అని రాయించండి. తక్కువ చెప్పి లోడు ఎక్కించాక సగం దారిలో బండి ఆపి ఇంకో పదిహేను వేలు అడగడం ఈ వ్యాపారంలో పాత ఎత్తు. దానికి మందు ఒకటే: ఎక్కువ భాగం సామాను దించాకే ఇచ్చేలా, అదీ బిల్లు మీదున్న కంపెనీ ఖాతాకే వేసేలా ముందే ఒప్పుకోవడం. ‘ఈ-వే బిల్లు ఖర్చు’ (సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసే పత్రం) అని అడిగితే ఇవ్వకండి. వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు అక్కర్లేదు. లారీ రసీదు కాపీ, డ్రైవరు నంబరు, బండి నంబరు ఫోటో మీ దగ్గర ఉండాలి. వేరేవాళ్ల సామానుతో కలిపి పంపే పార్ట్ లోడు చవకే. చెప్పిన రోజుకి మాత్రం రాదు.

బెంగళూరులో రద్దీ వేళ పెద్ద బండ్లని రోడ్డెక్కనీరు. రాత్రి లోడు చేసి తెల్లవారుజామున కదిలితే సాయంత్రంలోపు దింపుకోవచ్చు. దించే వీధి చూసుకోండి. నెల్లూరు మూలాపేట, సంతపేట సందుల్లోకి ఐచర్ దూరదు, కరెంటు తీగలు అడ్డం. మెయిన్ రోడ్డులో దించి చిన్న బండికి మార్చాలంటే హమాలీ రెండు సార్లు పడుతుంది.

సర్దుడు గురించి చెప్పాలంటే, ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌తో కొన్నప్పుడు వెనకవైపు మూడో నాలుగో పొడవాటి బోల్టులు వచ్చి ఉంటాయి. అవి మళ్లీ బిగించకుండా లారీ ఎక్కిస్తే డ్రమ్ము ఊగి స్ప్రింగులు దెబ్బతింటాయి. బోల్టులు పారేసుంటే కంపెనీ సర్వీసు వాళ్లని అడిగి తెప్పించండి. ఫ్రిజ్ ముందు రోజే ఆపి, నీరు కారనిచ్చి, తలుపు టేపుతో బిగించి నిలువుగానే పెట్టించండి. దించాక కొన్ని గంటలు ఆగి ప్లగ్ పెట్టండి. గ్రైండర్ రాళ్లు తీసి విడిగా కట్టాలి, లేకపోతే గిన్నె అడుగు చీలుతుంది. నొక్కిన చెక్కతో చేసిన వార్డ్‌రోబులు ఒకసారి విప్పితే స్క్రూ పట్టిన చోట పొడి రాలిపోతుంది, మళ్లీ బిగిస్తే ఆగదు. అలాంటివి అక్కడే అమ్మేసి రండి, ఆ మేరకు చిన్న బండి సరిపోవచ్చు. డబ్బాల మీద ‘వంట 1/9, వంట 2/9’ అని రెండు పక్కలా రాయండి. దించేటప్పుడు తొమ్మిదో డబ్బా రాలేదని వెంటనే తెలుస్తుంది. సర్టిఫికెట్లు, నగలు, అత్తగారి మందులు, మొదటి రాత్రి దుప్పట్లు, స్టవ్ లైటరు కారులోనే.

స్కూటీని రైల్లో వేస్తే పార్సిలు దించడానికి రైలు తగినంతసేపు ఆగాలి. ఒకటి రెండు నిమిషాలు ఆగే స్టేషన్లో దించే వ్యవధి ఉండదు, బండి ముందుకెళ్లిపోతుంది. లారీలోనే వేసేయండి, పెట్రోలు తీసేసి, అద్దాలు విప్పి, సెంటర్ స్టాండు మీద కట్టించి. కారుకి నంబరు మార్చక్కర్లేదు. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితేనే కొత్త రిజిస్ట్రేషన్, దానికి ముందు బెంగళూరు ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, కావాలి.

గ్యాస్ సిలిండరు లారీ ఎక్కించొద్దు, చట్టానికీ ప్రాణానికీ మంచిది కాదు. ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు ఇచ్చేస్తే డిపాజిట్ తిరిగిచ్చి టెర్మినేషన్ వోచరు ఇస్తారు. ఆ కాగితంతో కొత్త ఊళ్లో అదే పేరు మీద కనెక్షన్ తీసుకోవచ్చు. అది వచ్చే లోపల పెట్రోలు బంకుల్లో దొరికే 5 కిలోల చిన్న సిలిండరు తెచ్చుకోండి, దానికి ఇంటి చిరునామా రుజువు అడగరు.

చివరిగా వాన. అక్టోబరు మూడో వారం నుంచి డిసెంబరు దాకా మన జిల్లాకి ఈశాన్య రుతుపవనాల కాలం. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు దగ్గర హైవే మీద బండ్లు ఆగాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. వాయుగుండం ఉందని తెలిస్తే ఒక రోజు అటూ ఇటూ జరుపుకునేలా బండి మాట్లాడుకోండి. టార్పాలిన్ రెండు వరసలు వేయించండి.

ఒంగోలు కర్నూలు రోడ్డు:

పల్లెలో ఇల్లుంది కదాని అక్కడే దిగిపోవద్దని నా మాట. ఇంటర్వ్యూ మధ్యలో నెట్ పోతే అవతలివాళ్లు ఆగరు. పాప బడి, అత్తగారి కంటి డాక్టరు, ఆయన ఇంటర్వ్యూలు, మూడూ ఒక్క ఊళ్లో ఉండాలి. కావలికి నెల్లూరు యాభై పైచిలుకు, ఒంగోలు అరవై అయిదు కిలోమీటర్ల మేర. చెన్నై, శ్రీసిటీ, కృష్ణపట్నం వైపు ఉద్యోగం చూసేట్టయితే నెల్లూరే దగ్గర. చెన్నై రైల్లో మూడు గంటల లోపు. విజయవాడ, హైదరాబాదు వైపు చూస్తే ఒంగోలు.

నెల్లూరులో మాగుంట లేఅవుట్, దర్గామిట్ట, వేదాయపాళెం, ధనలక్ష్మీపురం వైపు చూడండి. ఆస్పత్రులు ఎక్కువగా పొగతోటలో. ఒంగోలులో భాగ్యనగర్, లాయర్‌పేట, మంగమూరు రోడ్డు. ఒంగోలులో మాత్రం అద్దె కంటే ముందు నీళ్ల సంగతి అడగాలి. మునిసిపల్ నీళ్లు రోజూ రావు. బోరు నీళ్లు ఉప్పా, తియ్యనా, సంపు ఎన్ని లీటర్లు, వేసవిలో ట్యాంకరు ఎవరు కడతారు, ఇవి ఓనరు ఎదుటే తేల్చుకోండి. కుళాయి తిప్పి నోట్లో పోసుకుంటే తెలిసిపోతుంది. నెల్లూరులో గ్రౌండ్ ఫ్లోరు అయితే నవంబరు వానకి వీధి నీళ్లు గుమ్మం దాకా వస్తాయా అని పక్కింటివాళ్లని అడగండి. గోడ అడుగున తేమ గీత ఉంటే జవాబు అదే.

ఇది భాద్రపదం గదా, శూన్యమాసమని చాలామంది ఇల్లు మారరు. ఖాళీ ఇళ్లు ఎక్కువ, ఓనర్లు మాటకి వస్తారు. ఇప్పుడు చూసి, కొంత టోకెన్ ఇచ్చి, ఆశ్వయుజం పాడ్యమి దాటాక పాలు పొంగించుకుంటే అత్తగారికీ పట్టింపు ఉండదు. అడ్వాన్సు మన దగ్గర రెండు మూడు నెలలే.

అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకి రాస్తారు. అందులో లాక్-ఇన్ కాలం, అంటే ఇన్ని నెలల దాకా ఖాళీ చేయకూడదనే షరతు, ఉండకూడదు. ఒక నెల నోటీసుతో ఖాళీ చేయొచ్చని ఉండాలి. మీకు డిసెంబరులోనే బెంగళూరులో ఉద్యోగం దొరికితే ఆ ఒక్క వాక్యం మీ డబ్బు కాపాడుతుంది. పాత కరెంటు బాకీలు లేవని మీటరు నంబరు పెట్టి చూసుకోండి. కరెంటు కంపెనీ నెల్లూరుకి ఎస్పీడీసీఎల్, ఒంగోలుకి సీపీడీసీఎల్, రెండింటికీ ఫిర్యాదు నంబరు 1912.

ఏం ఉద్యోగం అని ఓనరు అడిగితే ఉన్నమాట చెప్పండి, పల్లెలో సొంత ఇల్లుందని, అడ్వాన్సు ఇంకో నెల ఎక్కువ ఇస్తామని చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

కావలి కోడలు:

అందరికీ చాలా థాంక్స్. ఆపరేషన్‌కి ఈ శనివారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. పాప రెండో భాష హిందీ. రిజిస్ట్రేషన్ ఇంకా పంపలేదట, వచ్చే నెల మొదటి వారంలో పంపుతామన్నారు. అంటే బిన్నా మారిపోవడమే మంచిదా? బెంగళూరు ఓనరుకి రెండు నెలల నోటీసు ఉంది కదా, రెండు అద్దెలు పడతాయి. కాశీ సంగతి ఎవరూ చెప్పలేదు.

పెన్నా గట్టు:

బడి గంట చెప్పింది నిజమే కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆయన వెతికేది బెంగళూరు ఉద్యోగాలేనా? అదే అయితే పాపని ఈ ఏడు రెండుసార్లు బడి మార్చాల్సి రావచ్చు. ఇప్పుడు నెల్లూరు, మార్చిలో మళ్లీ బెంగళూరు, పదో తరగతికి బోర్డు అనుమతి. అట్లాంటప్పుడు మార్చి దాకా పాపనీ మిమ్మల్నీ అక్కడే చిన్న ఇంట్లో ఉంచి, అత్తగారితో ఆయన మాత్రం రావడం కూడా లెక్క వేయాలి. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగాలు, చెన్నై వైపు ఉద్యోగాలు కూడా చూస్తున్నారంటే అప్పుడు మారడమే సబబు.

రెండు అద్దెల గురించి: నోటీసు ఈరోజే వాట్సాప్‌లో కాదు, మెయిల్లో పెట్టండి. ఆఖరి రెండు నెలల అద్దె అడ్వాన్సులో మినహాయించుకోమని అడగండి. ఒప్పుకుంటే 68,000 చేతిలో మిగులుతుంది, మిగతా 1,02,000 నుంచి పెయింటింగు, కరెంటు పోను రావాలి. ముందే కొత్త అద్దెదారుని మీరే చూపిస్తే కొందరు ఓనర్లు నోటీసు కాలం తగ్గిస్తారు. ఖాళీ చేసే రోజు ప్రతి గదీ వీడియో తీసి, మీటరు రీడింగు ఫోటోతో సహా ఓనరుకి పంపాకే తాళాలివ్వండి.

బడి గంట:

పైన చెప్పినదాంతో నాకు పేచీ లేదు. ఒక్కటే జోడిస్తా. మారాలని తేలితే దసరా సెలవులకి ముందే నెల్లూరు బడిలో సీటు, ఫీజు ఖాయం చేసుకుని, ‘అడ్మిషన్ ఇస్తాం’ అనే లెటరు తీసుకున్నాకే బెంగళూరులో టీసీకి దరఖాస్తు పెట్టండి. పాత బడికి ‘రిజిస్ట్రేషన్‌లో పాప పేరు పంపవద్దు, టీసీ తీసుకుంటున్నాం’ అని అదే రోజు రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ రెండింటి మధ్య సందు వస్తే పాప పేరు ఏ బడి పట్టీలోనూ లేకుండా పోతుంది. కట్టేసిన రెండో టర్మ్ ఫీజు తిరిగి అడగడం మర్చిపోకండి, ప్రాస్పెక్టస్‌లో షరతు చూసి అడగండి.

లారీ ఆఫీసు:

కాశీ రద్దు చేసేముందు రెండు దారులున్నాయి. మీ రైలు నెల్లూరులోనో ఒంగోలులోనో ఆగేదైతే బోర్డింగ్ స్టేషన్ ఆన్‌లైన్లో మార్చుకోవచ్చు. బెంగళూరు టికెట్టే, ఎక్కేది మాత్రం ఇక్కడ. మార్చాక బెంగళూరులో ఎక్కే హక్కు ఉండదు, అంతే. రెండోది, కంటి ఆపరేషన్ వల్ల అత్తగారు వెళ్లలేకపోతే ఆమె టికెట్టు కొడుకు, కూతురు లాంటి సొంతవాళ్ల పేరుకి మార్చొచ్చు. రైలు బయల్దేరడానికి 24 గంటల ముందు రిజర్వేషన్ కౌంటర్లో, బంధుత్వం రుజువుతో అడగాలి. కోడలి పేరుకి, మనవళ్ల పేరుకి కుదరదు. ఆమెదొక్కటే రద్దు చేయాలన్నా మిగతా నలుగురివీ అలాగే ఉంటాయి.

రద్దే చేయాలనుకుంటే ఇప్పుడే చేయండి. ప్రయాణం దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతుంది. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి సంక్రాంతి తర్వాత వెళ్దామన్నా నవంబరు మధ్యలో మళ్లీ కొనుక్కోవచ్చు. అప్పటికి అత్తగారి కన్ను కూడా కుదురుకుని ఉంటుంది. లారీ మాత్రం కాశీ నుంచి వచ్చాక అని పెట్టుకోకండి, అక్టోబరు మూడో వారం దాటితే వాన మొదలవుతుంది.